దిగేటప్పుడు తాళాలు ఎవరివి

నబ్హాన్‌కు ఎవరి మీదా నమ్మకం లేదు. జబల్ అఖ్దర్ కొండ మీదికి ఇరవై రెండేళ్లుగా జనాన్ని ఎక్కించి, పొద్దు వాలకముందే దించుతున్న మనిషి. బండి ఎక్కేవాళ్ల మొహం కంటే ముందు చెప్పులు చూస్తాడు. బ్రేకుల్ని నమ్మడు, మబ్బుల్ని నమ్మడు. ఈ ఆరు నెలలుగా మాత్రం అన్నిటికంటే ఎక్కువగా అనుమానించేది తన కుడికన్నునే. దాని మీద పొర కమ్ముతోంది. ఆ సంగతి బయటపడితే కొండబండి చేతిలోంచి పోతుంది. అందుకని భార్య జువైనాకు కూడా చెప్పలేదు.

ఆ ఏప్రిల్ ఉదయం ముహన్నా ఒక్కడే వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఊరు ఇబ్రా. గులాబీ తోటలు చూడాలన్నాడు. చెప్పులు తళతళలాడుతున్నాయి. కొండ చూడ్డానికి వచ్చేవాడి చెప్పులు అంత శుభ్రంగా ఎందుకుంటాయి?

కొండ కింద గేటు దగ్గర పోలీసాయన బండిని ఒకసారి చూసి, వెళ్లమని చెయ్యూపాడు. ముహన్నా అతనికేసి చూసి నవ్వాడు.

'ఇద్దరూ ఒకటే,' అనుకున్నాడు నబ్హాన్. 'ఎవరో నా మీద చాడీ చెప్పారు. లైసెన్సు ఆఫీసువాళ్లు ఇతన్ని పరీక్షకు పంపారు.'

మలుపు మీద మలుపు. పక్కనే కళ్లు తిరిగే లోయ. ముహన్నా చూపు మాత్రం లోయ మీద లేదు, స్టీరింగ్ మీద ఉంది.

"మెడ పట్టిందా తమ్ముడూ? కుడి మలుపు వచ్చినప్పుడల్లా తల మొత్తం తిప్పుతున్నావు."

"దిండు గట్టిది పెద్దాయనా."

"మా ఆవిడా అదే కొంటుందిలే," అని ముహన్నా నవ్వాడు. నబ్హాన్ నవ్వలేదు.

పైన లోయ అంచున ఆగారు. ఎదుటి కొండకు మెట్లుమెట్లుగా గులాబీ మళ్లు.

"ఆ బురుజు పక్కన అక్రోట్ చెట్లు ఎన్ని?" అని అడిగాడు ముహన్నా.

నబ్హాన్‌కు కనబడింది గోధుమరంగు మసక. "మూడు," అని జ్ఞాపకంలోంచి తీసి చెప్పాడు.

"నాకు రెండే కనబడుతున్నాయి. ముసలి కళ్లు కదా."

మూడోది కూలిందా? నరికేశారా? అడిగే దారి లేదు.

సైఖ్ ఊళ్లో బావమరిది హిలాల్ ఇంటికి వెళ్లారు. పెరట్లో గులాబీపూల పన్నీరు కాగుతోంది.

"రావయ్యా బావా! పోయిన వారం పూలు కోసే పనుందంటే కనబడలేదు. ఖర్జూరం వాసనకు వచ్చేశావు!"

"నీ ఖర్జూరాలకు నాకంటే పురుగులే ముందొస్తాయి."

కుశలప్రశ్నలయ్యాయి. హిలాల్ కాఫీ పోసి ఇచ్చాడు. ముహన్నా కప్పు అందుకుని, తాగకుండా చాప మీద పెట్టేశాడు.

హిలాల్ కాఫీ కూజా దించాడు. ఏదో కోరి వచ్చిన అతిథే అలా పెడతాడు. తీరుస్తామనేదాకా ముట్టడు. ముట్టకుండా లేచిపోయాడా, ఆ ఇంటికి తలవంపు.

'అదిగో, బయటపడ్డాడు. లైసెన్సు అడుగుతాడు,' అనుకుని నబ్హాన్ బావమరిదికి కళ్లతో వద్దని సైగ చేశాడు. హిలాల్ చూస్తేగా!

"తాగండి పెద్దాయనా. మా చేతిలో ఉన్నదేదైనా మీదే."

"అడగకముందే మాటిస్తావేరా?" అని గొణిగాడు నబ్హాన్.

"మా నాన్న అలాగే ఇచ్చేవాడు."

"అందుకే మీకు సగం తోటే మిగిలింది."

ముహన్నా గొంతు సవరించుకున్నాడు. "నా కోరిక ఈ తమ్ముడితోనే. దిగేటప్పుడు బండి నన్ను తోలనివ్వాలి. ముప్పై ఏళ్లు నీళ్ల ట్యాంకర్ తోలాను. ఈ దారంటే మోజు."

"ఇంతేనా!" హిలాల్ పగలబడి నవ్వాడు. "ఇచ్చెయ్ బావా!"

కాదంటే ఇంటి మాట పోతుంది. ఎందుకు కాదో చెబితే కన్ను సంగతి తెలుస్తుంది. నబ్హాన్ తాళాలు తీసి చాప మీద పెట్టాడు. ముహన్నా కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు.

స్టీరింగ్ ఎడమవైపున్న తన బండిలో నబ్హాన్ కుడిపక్క సీట్లో కూర్చోవడం అదే మొదలు. ఇంజను చప్పుడంతా చెవులు రిక్కించి వింటున్నాడు.

"చిన్న గేరు."

"వేశాను తమ్ముడూ."

"బ్రేకు మీద కాలెందుకు?"

"వంగి చూడు."

వంగి చూశాడు. కాలు లేదు. ఆరో మలుపులో బండి ఉన్నట్టుండి ఆగింది. కుడిపక్క గట్టు మీంచి మేక ఒకటి దూకి, దారి మధ్యకు వచ్చి నిలబడింది. ఆ పక్కనే కూర్చున్న నబ్హాన్‌కు, అది ముందుకు వచ్చి నిలబడ్డాకే కనబడింది. బండి తన చేతిలో ఉండి, వచ్చింది ఏ పిల్లాడో అయితే?

మేక తప్పుకుని బండి కదిలాక, "నిన్నెవరు పంపారు?" అన్నాడు.

"ఎవరూ పంపలేదు. నువ్వు తల తిప్పడం చూశాను. నేనూ రెండేళ్లు అలాగే తిప్పాను, ట్యాంకర్‌తో గోడ పడగొట్టేదాకా. గోడవతల ఎవరూ లేరు, బతికిపోయాను. తర్వాత ఆపరేషన్ చేయించుకున్నాను."

"ఆ మాట అక్కడే అనలేదేం?"

"మీ బావమరిది ముందా? సాయంత్రానికి కొండంతా తెలిసేది."

గేటు దాటాక ముహన్నా బండి పక్కకు ఆపి తాళాలు ఇవ్వబోయాడు. నబ్హాన్ వాటికేసి చూశాడు. చెయ్యి చాచలేదు.

"మా ఇంటిదాకా నువ్వే తోలు," అన్నాడు. కాస్త దూరం పోయాక అనుమానంగా అతనివైపు తిరిగాడు. "సూది కంట్లోనే పొడుస్తారా? నిజం చెప్పు."