గొర్రు వెనక ఇద్దరం

వాన పడింది! ఇరవై రోజులుగా మొగులు చూసి చూసి మెడలు పట్టేసిన ఊరు ఒక్కసారిగా లేచి పరిగెత్తింది. ఎద్దుల్ని విప్పేవాళ్లు, విత్తనం వేసే గొర్రు భుజానికెత్తుకునేవాళ్లు, ఒకటే అరుపులు! మా ఎర్రనేలలో తడి పదును రెండు రోజులు నిలిస్తే గొప్ప. ఆలోగా శెనక్కాయ విత్తనం పడకపోతే ఏడాదంతా పస్తే. డెబ్బైల చివరి మాట ఇది. నాకు పెళ్లయి నాలుగేళ్లు.

గొర్రు తోలేది మగవాళ్లు. దాని వెనకే నడుస్తూ, ఒడిలోంచి గింజలు తీసి జడ్డిగంలోకి, అంటే గొర్రు మీది చెక్క గిన్నెలోకి, సమంగా వదిలేది ఆడవాళ్లు. ఆ పనిలో మా యారాలిది అందెవేసిన చెయ్యి. మా ఆయన అన్న భార్య ఆమె. కానీ మేం మాట్లాడుకోక రెండేళ్లు. నేను చేసిన సంగటిని నలుగురిలో పట్టుకుని, "గోడకేసి కొడితే గోడే పగుల్తాది" అనింది. నేనేం తక్కువ తిన్నానా? నాలుగు మాటలు ఎక్కువే అన్నాను. అన్నదమ్ములు వేరుపడ్డారు.

కిందటేడు రోషం కొద్దీ నేనే విత్తనం పోశాను. మొలకలొచ్చాక చూడాలి నా ఘనకార్యం! ఒకచోట గుంపు, ఇంకోచోట మూరెడు ఖాళీ. రాప్తాడు దారిన పోయేవాళ్లంతా నిలబడి మరీ నవ్వారు. పంట సగమే వచ్చింది. పక్కనే ఆమె చేను, దువ్వి జడేసినట్టు. చూసి కుళ్లుకున్నాను. నిజం చెప్పొద్దూ, మురిసిపోయాను కూడా.

ఈసారీ విత్తనం తప్పితే మళ్లీ వేయడానికి ఇంట్లో గింజ లేదు. తెల్లవారుతూనే ఆమె వాకిట్లో నిలబడ్డాను. సాయం అడుగుదామని వెళ్లినదాన్ని వేరే మాట అనేశాను.

"అక్కా, పోయినేడు నీళ్లకు పోయేటప్పుడల్లా నీ సేనికాడ నిలబడి సూస్తాంటి. అట్లాంటి సెయ్యి ఈ సుట్టుపక్కల యాడా లేదు."

చేట పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "ఆ మాట సెప్పనీకి ఇన్ని దినాలు పట్టెనా? పా, పదును పోతాండాది!"

మొదటి రోజు మా చేనే. నా మణికట్టు పట్టుకుని గింజ ఎప్పుడు వదలాలో నేర్పింది. తిట్లు తిట్టింది, నవ్వింది. రెండో రోజు వాళ్లది. కొంచెంసేపు ఆమె, కొంచెంసేపు నేను. ఎద్దులు అలిసిపోయాయిగానీ మాకు అలుపే తెలియలేదు!

ఆఖరి సాలు అయ్యాక గట్టు మీద కూలబడ్డాం. అప్పుడు ఆమె అనింది: "నీ కాళ్లే కాళ్లు. నేనైతే మధ్యాన్నానికే పడిపోతా. పోయినేడు నవ్వినోళ్లకి అదే సెప్తి. సెయ్యి కుదరల్యా గానీ, అంత సేనూ నిలబడకుండా ఒంటిగా నడిసిందప్పా, మీ ఇండ్లల్లో ఎవురన్నా ఉండారా అట్ల నడిసేటోళ్లు అని."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఊరంతా నన్ను చూసి నవ్విన రోజుల్లో నా పక్షాన మాట్లాడింది ఆమె ఒక్కతే. అదీ నా మొహం కూడా చూడని రోజుల్లో.