సత్తయ్య సార్ చెప్పమన్న మాట

మా ఆరోగ్య ఉపకేంద్రం వరండాకు ఈ రోజు సున్నం వేస్తున్నారు. తడి సున్నం వాసన లోపలి గదిదాకా వచ్చేసరికి సత్తయ్య సార్ గుర్తొచ్చారు. పదిహేనేళ్ల కిందట ఇదే గోడ మీద, వేసిన సున్నం పూర్తిగా ఆరకముందే, ఆయన బొగ్గు ముక్కతో మగవాళ్ల జననేంద్రియాల బొమ్మ గీశారు. మొయినాబాద్ మండలంలోని ఈ పల్లెకు నేను అప్పుడే కొత్తగా వచ్చిన నర్సుని. ఆయన వారానికోసారి పాత స్కూటర్ మీద వచ్చే హెల్త్ సూపర్‌వైజర్. సన్నటి మనిషి, నెరిసిన మీసం, ఎవరి మీదా పెంచని గొంతు. బొమ్మ చూసి నేను తల దించుకుంటే, "ఏందమ్మా, గుండె బొమ్మ గీస్తే చూస్తవు గద. ఇది గూడ ఒంట్లదే" అన్నారు.

ఆ సాయంత్రం గులాబీ తోటల్లో పని ముగించుకొని వచ్చిన మగవాళ్లు పది పన్నెండు మంది వరండాలో కూర్చున్నారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఆడవాళ్లకే ఎందుకు, మగవాళ్లకు ఇంకా తేలిక కదా అన్నది సార్ చెప్పదలచుకున్న మాట. వెనక నుంచి ఒకతను, "నరం కోస్తె మనిషి సగమైతడంట గద సార్" అన్నాడు. సార్ నవ్వలేదు. బొమ్మ మీద వేలు పెట్టి చెప్పారు. "నరం గాదు, సన్న గొట్టం. ఈ వృషణాలు రెండు పనులు జేస్తయి. శుక్రకణాలు తయారుజేస్తయి, దానికి ఒంటికన్న జర చల్లగ ఉండాలె, అందుకే బయట సంచిల ఉన్నయి. ఆ కణాలు ఈ గొట్టంలకెళ్లి పైకి పోతయి. రెండోది, గడ్డం, మీసం, గొంతు, కోరిక, వీటికి కావాల్సిన హార్మోన్ తయారుజేస్తయి. అది గొట్టంల పోదు, రక్తంల కలుస్తది. మేం కట్టేది గొట్టం. రక్తాన్ని ఎవరన్న కడ్తరా?"

వాళ్లలో శ్రీశైలం ఉన్నాడు. పూల బండి నడిపేవాడు. అతని భార్య లావణ్యకు రెండు కాన్పులూ ఆపరేషన్లే. రెండోసారి రక్తం బాగా పోయి చావుదాకా వెళ్లి వచ్చింది. మళ్లీ గర్భం వస్తే ప్రాణానికి ముప్పని డాక్టరమ్మ చెప్పింది. ఆమెకు ఇంకో ఆపరేషన్ చేయడానికీ భయపడింది. శ్రీశైలం లేచి, "మీరు చేయించుకున్నరా సార్?" అని అడిగాడు. "చేయించుకున్న. ఇరవై ఏండ్లయింది. మా అమ్మకు ఇప్పటిదాకా తెల్వదు. ఇగ తెలుస్తది" అన్నారు. అందరూ నవ్వారు. ఆ వారంలోనే మాట ఆయన ఇంటికి చేరింది. తల్లి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదట. టీ హోటళ్లలో ఆయన వెనక వేసిన జోకులు నేనే విన్నాను. కానీ తర్వాతి నెలలో శ్రీశైలం ఆపరేషన్‌కు వచ్చాడు.

ఆపరేషన్ అయ్యాక అతన్ని ఆటోలో ఇంటికి తీసుకొచ్చింది నేనే. వారం రోజులు బరువులు ఎత్తొద్దని, గట్టి లంగోటి వేసుకోవాలని చెప్పాను. ఇంకో మాట చెప్పాల్సి ఉంది. మూడు నెలలదాకా కండోమ్ వాడాలి, ఆ తర్వాత వీర్యపరీక్షలో కణాలు లేవని తేలితేనే ఆపాలి. అతని తల్లి పక్కనే కూర్చొని ఉంది. నాకప్పటికి ఇరవై మూడేళ్లు, పెళ్లి కాలేదు. కాగితంలో చుట్టిన పొట్లం చేతిలో పెట్టి, "ఇవి వాడండి" అని వచ్చేశాను.

రెండున్నర నెలలకు లావణ్య వచ్చింది. నెల తప్పి అప్పటికి నెల రోజులు. "ఆపరేషన్ అయినంక కడుపెట్ల వచ్చిందని మా అత్త నా బట్టలు మూట గట్టింది. మా ఆయన ఏమంటలేడు సిస్టరమ్మా. అదే భయమైతున్నది" అంది.

ఫోన్ చేస్తే సార్ గంటలో వచ్చారు. "మూడు నెలల సంగతి చెప్పినవా?" అని అడిగారు.

"పొట్లం ఇచ్చిన సార్."

"పొట్లం మాట్లాడదు గద."

శ్రీశైలానికి మీరే చెప్పండని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. "మనం చెప్పకుంటే మన తప్పు ఆ పిల్ల మీద పడ్తది. నువ్వే చెప్పాలె. నేను పక్కన ఉంట."

వాళ్ల ఇంటి ముందు నిలబడి, చెప్పాల్సిన మాట చెప్పలేదని, తప్పు నాదని అన్నాను. శ్రీశైలం నా వైపు చూడకుండా సార్‌ని అడిగాడు. "గొట్టం కోసినంక కణాలు ఎట్ల వస్తయి సార్?"

"ట్యాంకు కాడ వాల్వు బంద్ జేసినా పైపుల ఉన్న నీళ్లు నల్లాకు వస్తనే ఉంటయి. కోసిన తావుకు అవతల ఉన్న కణాలు ఖాళీ అయ్యేదాకా గంతే. నా మాట నమ్మకు. రేపు చేవెళ్ల దవాఖానకు రా, పరీక్ష చేయిద్దాం."

మరునాడు ల్యాబులో శ్రీశైలం తన కళ్లతోనే చూస్తానన్నాడు. మైక్రోస్కోపు మీద చాలాసేపు వంగి ఉన్నాడు. అక్కడక్కడ కొన్ని కణాలు ఇంకా కదులుతున్నాయి. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు. "లావణ్యా, నేను వస్తున్న. ఆ మూట ఇప్పెయ్" అన్నాడు.

ఆ గర్భాన్ని ఆమె ఒళ్లు మోయలేదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. తీసేసిన రోజు నేను ఆమె మంచం పక్కనే ఉన్నాను. "ఒక్క మాట చెప్తె అయిపోతుండె గద సిస్టరమ్మా" అంది లావణ్య. కోపంగా అనలేదు. ఆ తర్వాత పిల్లల టీకాలకు ఎప్పటిలాగే వచ్చేది, ఎప్పటిలాగే మాట్లాడేది. నేనే ఆమె కళ్లలోకి చూడలేకపోయేదాన్ని.

సార్ నివేదికలో నా పేరు రాశారు. నాకు మెమో వచ్చింది. వాళ్ల ఇంటి ముందు నన్ను నిలబెట్టింది చాలక కాగితం మీద కూడా రాస్తారా అని నెల రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను. ఒకరోజు ఆయనే, "నీ పేరు దాస్తె నువ్వు గూడ మర్చిపోతవు బిడ్డా" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. నిజమని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. రిటైరయ్యాక ఆయన శంకర్‌పల్లి దగ్గర కూరగాయలు పండించుకున్నారు. కిందటేడు పోయారు.

ఇప్పుడు ఎవరైనా ఆపరేషన్ చేయించుకొని వస్తే, వెంట వచ్చిన పెద్దవాళ్లను కాసేపు బయట కూర్చోమంటాను. ప్రతి అవయవాన్నీ దాని పేరుతోనే పిలుస్తాను. మొన్న మా మండలంలోని హిమాయత్‌నగర్ నుంచి వచ్చినతను సిగ్గుతో నేల చూస్తూ, "తెలిసింది మేడం, తెలిసింది" అంటూ లేవబోయాడు. కూర్చోమన్నాను. నేను చెప్పింది నాకు తిరిగి చెప్పమన్నాను. చెవులు ఎర్రబడ్డాయి, రెండుసార్లు తడబడ్డాడు. మూడు నెలలు, ఆ తర్వాత పరీక్ష అని అతని నోటితో అతను అనేదాకా నేను కదల్లేదు.