గళ్లమ్మ ఒప్పుకున్న తప్పు

ఆవిడ అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తుండదు. ఏ పని మొదలుపెట్టినా ముందు తెల్లకాగితం మీద గళ్లు గీస్తుంది కాబట్టి గళ్లమ్మ అయిపోయింది. పైనుంచి కిందికి పనులు, అడ్డంగా మనుషులు: ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరు ముగించొచ్చు. పెన్సిలుతో ఒక్కో గడిలో టిక్కు పెట్టాకే కంప్యూటరు ముట్టుకుంటుంది. పద్నాలుగేళ్లు ఒక క్లినిక్ కౌంటర్లో చీటీలు రాసి, ముప్పై ఏడో ఏట ఈ ప్రోగ్రాములు రాసే విద్య నేర్చుకున్న మనిషి. "ఈ వయసులో నీకెందుకే ఈ తంటా?" అని వాళ్లమ్మ అడిగితే, "వయసు నాదే కదమ్మా, తంటా కూడా నన్నే పడనీ" అంది. ముక్కుమీది కోపం పుట్టుకతో వచ్చింది, ఇప్పటికీ దిగలేదు.

ఒక పెద్ద ఆసుపత్రి మరమ్మతుల విభాగానికి పనులు పంచే వెబ్ యాప్ తయారుచేసింది గళ్లమ్మే. మేనేజరు పని అప్పగిస్తాడు. మెకానిక్ తన ఫోన్లో చూసుకుని, చేసి, 'పూర్తయింది' అని నొక్కుతాడు. పాపం, రోజంతా నూనె చేతులతో ఉండేవాళ్లకు ఫోను తీసే తీరిక ఎక్కడుంటుందని, వాళ్ల తరఫున మేనేజరు కూడా నొక్కొచ్చని ఆ గడిలోనూ టిక్కు పెట్టింది. మంచి మనసుతోనే పెట్టింది. కాని ఎవరు నొక్కినా, 'పూర్తి చేసినవారు' అన్నచోట పని ఎవరికి అప్పగించారో వాళ్ల పేరే పడేలా రాసింది. ఆ గడిని రెండోసారి చూడలేదు.

ఏడాది తిరక్కుండానే ఆ ఆసుపత్రి లిఫ్టు బ్రేకు పట్టేసి రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల స్ట్రెచరు మీద ఒక పెద్దాయన నలభై నిమిషాలు ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాడు. బతికి బయటపడ్డాడు, అదృష్టం. లిఫ్టు బ్రేకు మార్చినట్టు మూడు రోజుల ముందే యాప్‌లో ఉంది, లిఫ్టు మెకానిక్ పేరుతో. అతన్ని సస్పెండ్ చేశారు. సోమవారం విచారణ. తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది.

అతను తిన్నగా గళ్లమ్మ బల్ల దగ్గరికే వచ్చాడు.

"మేడమ్, కొత్త బ్రేకు ఇంకా రానే లేదు. రాని బ్రేకు నేనెలా బిగిస్తాను? నెలాఖరుకి జాబితా ఖాళీగా కనబడాలని ఎవరో నొక్కేశారు. ఎవరు నొక్కారో మీ కంప్యూటరు చెప్పదా?"

గళ్లమ్మ తను రాసిందంతా మొదట్నుంచి తిరగేసింది. నొక్కిన చెయ్యి ఎవరిదో ఎక్కడా నమోదు కాలేదు. నమోదు చెయ్యమని తను రాస్తేగా! పద్దెనిమిదేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంటే తల ఎత్తలేకపోయింది.

"చెప్పదు బాబూ," అంది చివరికి. "అది నా తప్పు. సోమవారం నేనొస్తాను, నన్ను సాక్షిగా రాయించండి."

సంగతి కంపెనీ యజమాని చెవిన పడింది. తలుపు మూసి మరీ క్లాసు పీకాడు.

"మన యాప్‌లో లోపముందని మనమే చాటుకుంటామా? యాప్‌లో ఏముందో అదే చెప్పు, చాలు."

"ఉన్నదే చెప్తాను సార్. అందులో ఉన్నది నా తప్పు."

"అలాగైతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

"ఇక్కడికి రాను. అక్కడికి వెళ్లడానికి మీ అనుమతి అక్కర్లేదుగా?" అని కాగితాలూ పెన్సిలూ సంచిలో వేసుకుని బయటికి నడిచింది. భయం లేక కాదు, భయపడి ఆగడం చేతకాక వెళ్లింది.

విచారణ గదిలో గోడ మీద పెద్ద తెర. మేనేజరు తన పేరుతో లాగిన్ అయి, మెకానిక్ పేరున్న వరుసను అందరికీ చూపించాడు. మెకానిక్ తనకేం తెలియదని మళ్లీ చెప్పాడు. విచారణాధికారి కళ్లజోడు సవరించుకుని, సాక్షిగా వచ్చిన గళ్లమ్మ వైపు తిరిగాడు.

"మనిషి మాట మారుస్తాడు. యాప్ అబద్ధం చెప్పదు కదమ్మా?"

"చెప్తుంది సార్. నేనే నేర్పాను."

మేనేజరు ఏదో గొణిగాడు. గళ్లమ్మ చెవిన వేసుకోలేదు. కీబోర్డు తన వైపు లాక్కుని, అతని లాగిన్‌లోనే కొత్త పని ఒకటి సృష్టించింది. 'లిఫ్టు ప్రమాద విచారణ' అని రాసి, ఆసుపత్రి ఉద్యోగుల జాబితాలోంచి విచారణాధికారి పేరు ఎంచి ఆయనకు అప్పగించింది. "ఏయ్, ఏం చేస్తున్నారు?" అని మేనేజరు లేచేలోపే 'పూర్తయింది' నొక్కేసింది.

తెర మీద కొత్త వరుస పడింది. లిఫ్టు ప్రమాద విచారణ. పూర్తయింది, పదకొండు గంటల ఇరవై నిమిషాలకు. పూర్తి చేసినవారు: విచారణాధికారి.

ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"ఇదెక్కడి అన్యాయం! నేనింకా విచారణ సగం కూడా చెయ్యలేదు. అసలా బటను నేను ముట్టుకోనైనా లేదు!"

"అతనూ పొద్దుట్నుంచీ అదే చెప్తున్నాడు సార్," అంది గళ్లమ్మ. "మీరు నమ్మలేదు."