పన్నెండు ముడుల దారం

ఆయన మొఖం నేను చూడలే, మాస్కుల ఉండె. చేతులే యాదికున్నయ్.

సూరత్‌ల మరమగ్గాలు, మేం సాంచాలంటం, బిగించే పని నాది. సాంచ వంకర కూసుంటే బట్ట వంకర పోతది. అందుకే ముందుగాల నేల మీద తొంబై డిగ్రీల మూల గీయాలె. మూల కొలిచే గునియ ముట్టకుండ కంటితోనే గీస్తనని నాకు మస్తు గర్వం.

కరోనా దినాలల్ల సూరత్ పక్కన సచిన్ అనే ఊరికి పోయే బస్సు ఎక్కిన. నడిమి సీటు ఖాళీగ ఇడిచి అవతల కూసున్నడు ఆయన. మన దిక్కోడే, టైల్స్ వేసే మేస్త్రి. నా గొప్పలన్నీ ఇని, "అన్నా, జర దారం ఉన్నదా?" అన్నడు. జేబులకెల్లి తీసిచ్చిన.

బెత్తెడుకొకటి చొప్పున పన్నెండు ముడులేసి కొసలు కలిపిండు. ఒక ముడి నాకిచ్చి, రెండు ముడులు తను పట్టి గుంజిండు. నా చేతికి ఒక దిక్కు మూడు బెత్తెలు, ఇంకో దిక్కు నాలుగు, ఎదురుంగ అయిదు.

"నీ టికెట్ మూల అండ్ల పెట్టు."

వెంట్రుక సందు లేకుంట కూసుంది.

"గంతే అన్నా. గుడ్డోడు గూడ గీయొచ్చు."

"గిది నాకు ఎరుకనే" అని అబద్ధమాడిన. దారం మాత్రం జేబుల పెట్టుకున్న.

షెడ్డుల ఎవలూ లేంది చూసి, అదే తీరుగ మూరకొక ముడేసిన ఇంకో పెద్ద దారం నేను బిగించిన మొదటి సాంచ కాడ పరిచిన. నేను కంటితో గీసిన మూల వేలెడు తప్పింది.

ఇప్పుడు ప్రతి మూల ఆ దారంతోనే గీస్త. మా కారీగర్లు, సాంచాల మీది పనోళ్లు, దాన్ని ఉస్తాద్ దారం అంటరు. ఎవలు నేర్పిన్రని అడిగితే, "గిదే" అని నా కన్ను చూపెడత.