ముత్తవ్వ పేరు మీది డిష్షు

మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో ఇండియన్ స్కూల్ బస్సులు మలుపు తిరిగే చోట నాలుగంతస్తుల బిల్డింగ్ ఒకటుంది. దాని వాచ్‌మన్ మల్లేశం. జగిత్యాల జిల్లావాడు, యాభై నాలుగేళ్ల మనిషి, మస్కట్ వచ్చి పంతొమ్మిదేళ్లయింది. ఏ ట్యాంకు ఎప్పుడు నిండుతుందో, ఏ ఫ్లాట్‌లో పిల్లాడికి ఎప్పుడు పరీక్షలో ఆయనకు తెలుసు. ఆయనకు పెళ్లయిందో లేదో మాత్రం ఆ బిల్డింగ్‌లో ఒక్కరికీ తెలియదు. అడిగితే కదా చెప్పడానికి!

ఆయన గది మేడ మీద, నీళ్ల ట్యాంకుల పక్కన. లోపల ఒక మంచం, ఒక పాత టీవీ, ఒక నల్ల సెట్‌టాప్ పెట్టె. బయట ఇనుప స్టాండు మీద మంచమంత వెడల్పు డిష్షు. ఆరేళ్ల కింద సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు తెలుగు చానెళ్ల కోసం కొని, లుంగీల్లో చుట్టి తెచ్చుకున్న పెట్టె అది. కనెక్షన్ ఆయన భార్య ముత్తవ్వ పేరు మీద, ఊళ్లో ఇంటి నంబరు మీద ఉంది. దేశం దాటించొచ్చా అని డిష్షు కంపెనీని ఎవరూ అడగలేదు. గల్ఫ్‌లో ఎన్నో గదుల్లో అలాంటి పెట్టెలే ఉంటాయి, అడిగి తెచ్చుకున్నవాణ్ని మాత్రం మల్లేశం ఎరగడు.

ముత్తవ్వ బీడీలు చేస్తుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున సెల్ షాపుకు పోయి రీచార్జి చేయించి, అక్కడి నుంచే ఫోన్ చేసేది. మామూలు రోజుల్లో వాళ్ల మాటలు నిమిషంలో అయిపోయేవి. "తిన్నవా?" "తిన్న. నువ్వు?" "తిన్న." పంతొమ్మిదేళ్లు చెరొక చోట బతికిన మొగుడూ పెళ్లాలకు అంతకన్నా ఏం మిగులుతుంది? ఒకటో తారీఖు సంగతి వేరు. రీచార్జి అయ్యాక టీవీలో బొమ్మ రావడానికి పావుగంట పట్టేది.

"బొమ్మ వచ్చిందా?"

"ఇంకా రాలే."

"అయితె ఆగుత."

ఆగినంతసేపూ ముత్తవ్వ ఊరంతా చెప్పుకొచ్చేది. ఎవరి బోరు ఎండింది, ఈసారి బీడీలు చుట్టే తునికాకు ఎట్లా చిల్లులు పడి వచ్చింది, పక్కింటి మేక తన బంతి చెట్లను ఎట్లా మేసిపోయింది. బొమ్మ వచ్చిందనగానే "సరే, పెడుతున్న" అనేది. నెల మొత్తంలో మల్లేశానికి ఆ పావుగంటే సంసారం. అందుకే కొన్నిసార్లు బొమ్మ వచ్చి కళ్ల ముందు ఆడుతున్నా, ఇంకా రాలేదనే చెప్పేవాడు.

బిల్డింగ్ కింద రాయచోటి సమీయుల్లా కాఫీ షాపు. రెండేళ్ల కింద అతను మేడ మీదికి వచ్చి డిష్షు చుట్టూ తిరిగి చూశాడు.

"అన్నా, నీ పెట్టెలో ఇంగ్లండు ఫుట్‌బాల్ వస్తాదంట గదా. కిందికి ఒక వైరు లాగుదాం. శనివారం సాయంత్రాలు నా షాపు కళకళలాడతాది."

ఒమాన్‌లో ఆ ఆటలు చూపించే హక్కు వేరే కంపెనీది. దుకాణంలో చూపించాలంటే వాళ్ల దగ్గర దుకాణాల కనెక్షనే తీసుకోవాలి, అది చాలా ఖరీదు. ఈ సంగతి సమీయుల్లాకు కొంచెం తెలుసు, మల్లేశానికి బొత్తిగా తెలియదు. ఆటల చానెళ్లు కూడా వేయించమని ఇంటికి చెబితే, "నీకు ఆటలెందుకయ్యా?" అంది ముత్తవ్వ. "నా కోసం గాదు, దోస్తులు చూస్తరు," అన్నాడు. మొగుడికి దోస్తులున్నారని ఆమె ఎంత సంబరపడిందో!

నిజానికి దోస్తులు ఆ వైరుతోనే వచ్చారు. వర్క్‌షాపుల వాళ్లు, డ్రైవర్లు, కేరళవాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు శనివారమైతే చాలు షాపు నింపేసేవాళ్లు. టీవీ కింద గోడవారగా మల్లేశానికి ఒక కుర్చీ. ఆయనకు ఆట తలా తోకా తెలియదు. తెరకు వీపు పెట్టి, చూసేవాళ్ల మొహాలు చూస్తూ కూర్చునేవాడు. గోల్ పడితే పక్కనున్నవాడు ఎవరైతే వాడు ఆయన్ను వాటేసుకునేవాడు. ఆ దేశంలో ఆయన్ను మనుషులు వాటేసుకున్నది ఆ గోల్స్ పడినప్పుడే.

ఒక శనివారం ఆట మధ్యలో తెర మీద పొడుగాటి నంబరు ఒకటి మెరిసింది. పెట్టె ఎక్కడ దుర్వినియోగమవుతోందో పట్టుకోవడానికి కంపెనీలు అలా మెరిపిస్తాయట. జనం విసుక్కున్నారు. మూల టేబుల్ దగ్గర ఒక కొత్త మనిషి మాత్రం ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. తీసి, మల్లేశం వైపు తిరిగి, ఆ నంబరు ఎవరిదని హిందీలో మెల్లగా అడిగాడు.

ఇంకెవరైనా అయితే తెలియదనేవారు. కానీ మస్కట్‌లో ఫలానాది ఎవరిదని అడిగితే నాదేనని చెప్పుకునే అవకాశం మల్లేశానికి ఎన్నడు వచ్చింది గనక? "మేరా హై సాబ్! ఘర్‌వాలీ కే నామ్ పే," అన్నాడు ఛాతీ విరిచి. అక్కడితో ఆగాడా? ముత్తవ్వ ఇంటిపేరు, ఊరు, మండలం కూడా చెప్పాడు. ఆ మనిషి అన్నీ శ్రద్ధగా రాసుకుని, చాయ్ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

మూడు వారాలకు సమీయుల్లాకు నోటీసు వచ్చింది. హక్కులున్న కంపెనీ కేసు వేసింది, షాపు మూతపడింది. మల్లేశం పరుగున మేడ దిగి వచ్చాడు. "నా నోటి దూలకు నీ షాపు మీదికి తెచ్చిన తమ్మీ," అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "వైరు లాగింది నేను గదన్నా," అన్నాడు సమీయుల్లా. తిట్టి ఉంటే మల్లేశానికి కాస్త తేలికగా ఉండేది.

అజైబాలో ఆ కంపెనీ వకీలు ఆఫీసుకు ఇద్దరూ వెళ్లారు. అక్కడి గుమాస్తా జావెద్ రాజీ షరతులు విడమరిచి చెప్పాడు. సమీయుల్లా నష్టపరిహారం కట్టాలి. ఇక మీదట దుకాణాల కనెక్షనే పెట్టాలి. పెట్టె, డిష్షు అప్పగించాలి. ముత్తవ్వ కనెక్షన్ మూయించేస్తామని మల్లేశం సంతకం పెట్టాలి. పెట్టకపోతే కేసు నడుస్తుంది, అది తేలేదాకా షాపు తెరుచుకోదు. పెట్టమని బలవంతం లేదు, ఆలోచించుకోమన్నాడు.

"పెట్టె తీస్కపోండ్రి సార్," అన్నాడు మల్లేశం వచ్చీ రాని హిందీలో. "కనెక్షన్ మాత్రం ఉండనియ్యరాదు? ఊరికెనే నెలనెలా రీచార్జి జేస్కుంటం."

జావెద్ నవ్వాడు. పెట్టె లేనప్పుడు కనెక్షన్ దేనికి పనికొస్తుందని అడిగాడు. దానికి మల్లేశం దగ్గర జవాబుంది, కానీ అది వకీలు ఆఫీసులో చెప్పేది కాదు. పక్కన సమీయుల్లా తల వంచుకుని కూర్చున్నాడు. అతని మెడ మీద చెమట చూసి, మల్లేశం పెన్ను తీసుకుని తెలుగులో సంతకం పెట్టాడు. ఆరేళ్ల పావుగంటలు ఆ ఒక్క గీతతో పోయాయని ఆయనకు తెలుసు, బాగా తెలుసు.

పదిహేను రోజుల్లో షాపులో కొత్త టీవీ వెలిగింది. అంత పోసి తెచ్చిన కనెక్షన్ కదా, ఆట చూసేవాళ్లు ఏదో ఒకటి తినాల్సిందే. టేబుళ్లు ఇంకో రెండు ఇరికించారు. గోడవారన కుర్చీకి చోటు లేకపోయింది.

"మ్యాచ్ అయినాక రాన్నా, నెమ్మదిగా కూర్చుందాం," అన్నాడు సమీయుల్లా. చెడ్డవాడేం కాదు. మల్లేశం ఒకసారి అలాగే వెళ్లాడు. ఖాళీ షాపులో ఇద్దరూ ఎదురెదురుగా చాయ్ తాగారు. గ్లాసులు ఖాళీ కాగానే సమీయుల్లా లెక్కలు చూసుకోసాగాడు, మల్లేశం లేచి వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు. శనివారం కింద గోల్ అని అరిచినప్పుడల్లా మేడ మీద, డిష్షు లేని స్టాండు పక్కన ఆయన ఒక్కడే తలెత్తేవాడు.

ముత్తవ్వకు మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్పాలని రోజూ అనుకోవడం, "తిన్నవా, తిన్న" దగ్గరే ఆగిపోవడం. చెబితే ఒకటో తారీఖున ఆమెకు ఫోన్ చేసే పనే ఉండదు. అలా దాటేస్తుండగానే ఒకటో తారీఖు రానే వచ్చింది. పొద్దు గూకే వేళ ఫోన్ మోగింది.

"బొమ్మ వచ్చిందా?"

నల్ల పెట్టె ఉండే చోట గోడ మీద దాని ఆకారమంత తెల్ల మచ్చ మిగిలింది. మల్లేశం దాని వైపే చూస్తూ, "ఇంకా రాలే," అన్నాడు.

"అయితె ఆగుత," అని ముత్తవ్వ మొదలుపెట్టింది. మేక మళ్లీ బంతి చెట్ల మీద పడిందట. కార్ఖానాలో కొత్త మేనేజరు కట్టలు లెక్కపెట్టకుండానే వంకలు పెడుతున్నాడట. పావుగంట దాటింది, అరగంట కావస్తోంది. ఇంత అబద్ధం ఎట్లా మోయాలో తెలియక మల్లేశం నోరు తెరవబోయాడు.

"నా ఫోన్ల మెసేజ్ వచ్చింది," అంది ముత్తవ్వ. "సెల్ షాపాయన సదివి చెప్పిండు. ఆ కనెక్షన్ బందు జేసిండ్రట గదా."

మల్లేశానికి అప్పుడు గుర్తొచ్చింది, రీచార్జి చేశానని ఈసారి ఆమె అననే లేదు.

"మరి ఎర్కయ్యి ఫోనెందుకు జేసినవే?"

"ఒకటో తారీఖు గదా."

కింద మలుపులో బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"మల్ల సూడు," అంది ముత్తవ్వ. "బొమ్మ వచ్చిందా?"

"రాలే," అన్నాడు మల్లేశం.

"అయితె ఆగుత తియ్," అని, ఆమె మేక సంగతి మళ్లీ ఎత్తుకుంది.