ఒక వైపు మాడింది

కోడి కొవ్వు కరిగి బొగ్గుల మీద పడినప్పుడు వచ్చే వాసన, ఈ గల్ఫ్ ఊరు ముహర్రక్‌లోని ఆ సందు మలుపు తిరగకముందే తగులుతుంది. నిన్న మధ్యాహ్నం అది తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి పోదామనుకున్నాను. పోలేదు. ఏడాది తర్వాత ఆ చిన్న జపాన్ హోటల్లోకి వెళ్లి, పొయ్యికి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర మూల కుర్చీలో కూర్చున్నాను. వెదురు పుల్లలకు కోడి ముక్కలు గుచ్చి నిప్పుల మీద కాల్చడం తప్ప అక్కడ వేరే వంట లేదు. ఆ పొయ్యి ముందు తొమ్మిదేళ్లు నిలబడ్డ మనిషి యూసుఫ్ భాయ్.

ఆయనది జగిత్యాల. పక్కనే ఉన్న గలాలీలో మా ఇద్దరిదీ ఒకే గది. నేను విమానాశ్రయంలో సరుకుల విభాగంలో కాగితాలు టైపు చేసే గుమాస్తాను. పుస్తకాలు చదువుతానని ఆయన నన్ను 'మున్షీ' అని ఏడిపించేవాడు. గదిలో చేరిన మొదటి నెలలోనే నన్ను హోటల్‌కు పిలిచాడు. ఒక పుల్ల నా ముందు పెట్టి, నేను తినేదాకా చేతులు కట్టుకుని చూశాడు.

"ఎట్లుంది తమ్మీ?"

"బాగుంది భాయ్."

"బాగుంది అంటే ఏంది? అదొక మాటనా? తిని చేతులు దులుపుకునుడు. ఉప్పెట్లుంది, లోపల ఉడికిందా, అది చెప్పు."

ఉప్పు ఎక్కువైందని నసిగాను. ఆయన నవ్వాడు. "గిప్పుడు మనిషి లెక్క మాట్లాడినవ్. ఇంత చదివినవ్, గిది ఎవ్వలు నేర్పలేదా మున్షీ?" అని ఆ పుల్ల వెనక్కి తీసుకుని, ఇంకొకటి కాల్చి ఇచ్చాడు.

నిజంగానే ఎవరూ నేర్పలేదు. అప్పటిదాకా నేను అడిగినవాళ్లకు నచ్చే జవాబు ఇచ్చి బతికినవాణ్ణి. ఆ తర్వాత ఆఫీసులో తప్పు కనిపిస్తే తప్పని చెప్పడం మొదలుపెట్టాను. తిట్లు పడ్డాయి; కొంత గౌరవమూ దొరికింది. ఆరేళ్లపాటు శుక్రవారాలు ఆ మూల కుర్చీలో కూర్చుని ఆయనకు నిజమే చెప్పాను.

పోయిన వేసవికి ముందు ఆయనకు దగ్గు పట్టుకుంది. తర్వాత వాసనలు తెలియకుండా పోయాయి. పొగ దగ్గర నిలబడొద్దని, ఊరికి వెళ్లి ఊపిరితిత్తులు చూపించుకోమని డాక్టరు చెప్పాడు. ఆయన నమ్మలేదు; తన ముక్కు బాగానే పనిచేస్తోందన్నాడు. తీపి సాస్ పూసిన ముక్క ఎలాగూ నల్లగానే ఉంటుంది; మాడిందో లేదో కంటికి తెలియదు, ముక్కుకే తెలుస్తుంది. ఒక శుక్రవారం నన్ను కూర్చోబెట్టి అన్నాడు:

"ఒక్క పుల్ల కాలుస్త. మాడిందన్నవనుకో, ఖలాస్. ఈ వారమే టికెట్ తీస్కొని ఇంటికి పోయి దవాఖానల పడ్త. మాడలేదంటే ఆ డాక్టర్‌కే ముక్కు లేదు. నువ్వు చెప్తే నమ్ముత."

నోట్లో పెట్టుకున్నాను. ఒక వైపు బొగ్గయింది. చేదు. ఆయన బల్ల మీదికి వంగి నా మొహంలోకి చూస్తున్నాడు. ఆ చూపులో భయం ఉంది. దానికి జాలిపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. ఆయన వెళ్లిపోతే ఎదుటి మంచం ఖాళీ అవుతుంది, శుక్రవారాలు ఖాళీ అవుతాయి. నేను ఆలోచించింది అదే.

"బాగుంది భాయ్," అన్నాను.

ఆయన ఇంకా బల్ల మీదికి వంగే ఉన్నాడు. "ఉప్పు?"

"సరిపోయింది."

పెద్దగా నవ్వి, దగ్గి, తన ముక్కుకు ఢోకా లేదన్నట్టు, పక్కన ముక్కలు గుచ్చుతున్న నేపాలీ ప్రేమ్ వీపు చరిచాడు. "సునా క్యా? అప్నా నాక్ ఫస్ట్ క్లాస్!"

వేసవంతా ఆ పొగలోనే నిలబడ్డాడు. ఆసుపత్రిలో చేర్చేసరికి ఆలస్యమైందన్నారు. పదకొండో రోజున పోయాడు. ముందే ఊరికి వెళ్లి ఉంటే బతికేవాడా అని నేను డాక్టరును అడగలేదు. అడిగితే నిజం చెబుతాడని భయం. ఆయన్ని ఊరికి పంపిన పెట్టె మా విభాగం మీదుగానే వెళ్లింది. కాగితాలు నేనే టైపు చేశాను. పై అధికారి చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు.

నిన్న ఆ పొయ్యి ముందు ప్రేమ్ ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, అడగకుండానే సాస్ పూసిన పుల్ల పెట్టాడు.

"కైసా హై భాయ్?"

మొదటి ముక్క పూర్తిగా నమిలి మింగాను. తర్వాత, ఒక వైపు మాడిందని హిందీలో చెప్పాను.

ప్రేమ్ నొచ్చుకోలేదు. "సారీ భాయ్" అని ఆ పుల్ల తీసి పారేసి, ఇంకొకటి నిప్పుల మీద పెట్టాడు.

అంతే. ఇంకేమీ జరగలేదు.