ఎద్దు మొహం మీద డబ్బా

ఆ రోజుల్లో మా కర్నూలులో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకున్నవాడికి వేరే పేరు అక్కర్లేదు. 'సిస్టం తెలిసినోడు' అంటే చాలు, హోటల్లో టీ కూడా ఒక గుక్క ఎక్కువ పోసేవాళ్ళు. తెలిసినవాడు అనిపించుకున్నాక 'నాకు తెలియదు' అనడం ఎంత కష్టమో ఆ మర్యాద అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. నాకది ఇరవై రెండేళ్ళకే దక్కింది. రోజూ పొద్దున కోడుమూరు నుంచి బస్సులో నిలబడి వచ్చి, పాతబస్తీలో ఒక డీటీపీ కొట్టులో కూర్చునేవాణ్ణి. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడే ఊరి నిండా లేస్తున్న ఫ్లెక్సులు, అన్నీ నా చేతి మీదుగానే పోవాలి. బస్సులో నిలబడ్డ మనిషీ కొట్టులో కూర్చున్న మనిషీ ఒకడేనంటే నాకే నమ్మబుద్ధి అయ్యేది కాదు.

మా కొట్టు యజమానిని అందరూ సావుకారు అనేవాళ్ళు. వాళ్ళది రెండు తరాల బట్టల వ్యాపారం. గిరాకీ తగ్గాక సగం కొట్టు కంప్యూటర్‌కు ఇచ్చాడు గానీ, పద్ధతులన్నీ బట్టల కొట్టువే ఉంచుకున్నాడు. మోకాలెత్తు గద్దె. దాని మీద ఆయన, నేను, మిషను. ఎదురుగా కింద గిరాకీలకు ఒక బల్ల. బేరం తెగేదాకా గద్దె మీద ఉన్నవాడు లేవకూడదు, లేస్తే వచ్చిన లక్ష్మి కూడా లేస్తుందని వాళ్ళ నాయన చెప్పిన మాట. (నాకు ఒంటికి పోవాల్సి వచ్చినా బేరం తెగేదాకా ఓర్చుకున్న రోజులున్నాయి.) ఇంకో పద్ధతి, సరుకు విప్పి గిరాకీ ముందు పరచడం. "గుడ్డ పరిచి చూపకుండా యాడన్నా బేరం అయితాదా అప్పా? నువ్వు ఈ పక్క టీవీలో ఏమేమో చేస్తావు, వాళ్ళేమో ఆ పక్క గోడ చూసుకుంటా కూచుంటారు" అని నెల రోజులు బాధపడి, చివరికి ఇంకో మానిటరు కొని బల్ల వైపు తిప్పి పెట్టించాడు. నేను నా తెర మీద డిజైన్ చేస్తుంటే, అదే డిజైన్ ఇంకో విండోలో తెరిచి అవతలి తెరకు పంపాలి. గిరాకీలు బల్ల మీద కూర్చుని చీర అంచు చూసినట్టు చూసుకుంటారు. గిరాకీలు లేనప్పుడు సావుకారు ఆ మానిటరు ఆర్పేసి, దుమ్ము పడకుండా మీద ఒక జాకెట్టు గుడ్డ కప్పేవాడు.

ఆ రెండో తెర కలిపిన రోజున నేను ఊరికే ఉండి ఉంటే ఈ కథ లేదు. ఫ్లెక్సు పనికి ఫైలు తయారు చేసేటప్పుడు మా సాఫ్ట్‌వేరు చివర్లో ఒక ప్రశ్న అడుగుతుంది, ఫలానా కొలతలో దాచాలా, అంటే సేవ్ చెయ్యాలా, వద్దా అని, చిన్న బూడిద రంగు డబ్బాలో. సావుకారు చూస్తుండగా ఆ డబ్బా నెత్తి పట్టుకుని మౌసుతో లాక్కుంటూ పోయి, నా తెర అంచు దాటించి, అవతలి తెరలో తేల్చాను. ఆయన ఇటు వంగి చూశాడు, అటు వంగి చూశాడు. "ఈడుండేది ఆడికెట్ల పాయెనప్పా?" అన్నాడు. "పోతాది సావుకారీ. మనం చెప్తే యాడికైనా పోతాది" అన్నాను. ఆ డబ్బాకు అక్కడే, ఎంటర్ నొక్కి, జవాబు చెప్పి మూసేసి, మెచ్చుకోలు టీ తాగడానికి పోయాను.

ఇదంతా బల్ల మీద కూర్చుని చూసిన ఇంకో మనిషి ఉన్నాడు. మేము బ్రష్షు బాయి అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి. ఊళ్ళో సగం గోడల మీద, లారీల వెనక, బడి బోర్డుల మీద ఉన్న అక్షరాలు ఆయన చేతివే. ఫ్లెక్సులు వచ్చి ఆయన బ్రష్షును ఎండబెట్టాయి. సావుకారు పాత పరిచయం కొద్దీ పిలిచి, డిజైన్లలో అక్షరాలు సరిచూసే పని ఇచ్చాడు. మధ్యాహ్నం నేను అన్నానికి పోయినప్పుడు గద్దె ఎక్కి ఆయనే మెల్లగా మిషను నేర్చుకునేవాడు. నేర్చుకున్నది చెడిపోయిన శుభలేఖల వెనక రాసి పెట్టుకునేవాడు. ఇవన్నీ నాకు పెద్ద అభ్యంతరాలు కావు. "ఈ అక్షరాలు ఊపిరాడకుండా ఇరుక్కున్నాయప్పా, కొంచెం జరుపు" అని గిరాకీల ముందర అనేవాడు, నాకు గుచ్చుకున్నది అదే. పైగా ఆయన అన్నాక చూస్తే అవి ఇరుక్కునే ఉండేవి.

మరుసటి రోజు నుంచి మిషను మొండికేయడం మొదలైంది. పని అంతా బాగా నడుస్తుంది. చివర్లో ఫైలు దాచబోతే మాత్రం బిగుసుకుపోతుంది. ఎక్కడ నొక్కినా 'టంగ్' మంటుంది, అంతే. ప్రశ్న అడిగే డబ్బా కూడా రాదు. ఇక ఆర్పి మళ్ళీ పెట్టుకోవాలి, చేసిందంతా పోతుంది. నేను వరసగా అన్నిటినీ అనుమానించాను. కరెంటు వోల్టేజీ అనుకుని స్టెబిలైజరు మార్పించాను. దుమ్మనుకుని పెట్టె విప్పి ఊదాను. (ఆ దుమ్ములో ఒక ఎండిన బల్లి దొరికితే దోషి చిక్కిందని సంబరపడ్డాను.) వైరసనుకుని సాఫ్ట్‌వేరంతా తీసి మళ్ళీ ఎక్కించాను. రెండు రోజులు బాగానే ఉంది గానీ, గిరాకీ ఎవరో చూపించమంటే డబ్బాను అవతలికి లాగే ఆ విద్య మళ్ళీ చూపించాను. మరుసటి రోజు జబ్బు తిరగబెట్టింది. సావుకారు మంత్రాలయం పోయి మంత్రాక్షతలు తెచ్చి పెట్టె మీద చల్లాడు. నాలుగు గింజలు కీబోర్డు సందుల్లోకి పోయాయి.

మధ్యలో నేనొక వైద్యం కనిపెట్టాను. కోపం వచ్చి ఎడమ చేత్తో పెట్టెను చరిస్తే ఒక్కోసారి పని చేసేది. చరిచేటప్పుడు కుడి చెయ్యి కీబోర్డు మీద పడి ఎంటర్ నొక్కుకుంటుందనీ, డబ్బా అడిగిన ప్రశ్నకు అదే జవాబనీ అప్పుడు నాకు తెలియదు. నా చేతి మహిమ మీద నాకు గొప్ప నమ్మకం కుదిరింది.

బాయి మాత్రం బెదరలేదు. ఆయనకది వింతగా ఉండేది. "నాకొకటి అర్థం కాలేదప్పా. చచ్చిపోయిన మిషనయితే నోరు మూసుకుని ఉండాల గదా. ఇది నొక్కినప్పుడల్లా టంగుమంటాండాది. అంటే దేనికో కాచుకొని ఉండాది. దేనికంటావ్?" అనేవాడు. శుభలేఖ వెనక ఏ పనికి ఆగిందో ఏ పనికి ఆగలేదో రాసిపెట్టి, "ఇది ఒక్కసారి చూడు" అని చాచేవాడు. నేను చూసేవాణ్ణి కాదు. సిస్టం తెలిసినవాడు గోడల మీద రాసేవాడి కాగితం చూడటమేమిటి అనుకునేవాణ్ణి.

గిరాకీలు కూడా చెప్పారు, ఆ మాట దాచను. బల్ల మీద కూర్చున్న ఒకాయన "మా కూతురి పేరు మీద ఈ బూడిద రంగు డబ్బా ఏందప్పా, తీసెయ్యి" అన్నాడు. ఒకామె "ఆ డబ్బాలో ఇంగ్లీషు మాకొద్దు నాయనా, తెలుగే ఉండనీ" అంది. ఇద్దరికీ నా తెర మీద నుంచి కళ్ళు తీయకుండా ఒకటే జవాబు చెప్పాను. "అది ప్రింటులో రాదు." ఎంత ధీమాగా చెప్పానంటే, వాళ్ళు ఆ డబ్బాను చూస్తూనే లేదని నమ్మారు.

ఒకనాడు పొద్దుటి నుంచి చేసిన బడి బ్యానరు మొత్తం పోయింది. సావుకారు మొదటిసారి గొంతు పెంచాడు. "ఏమప్పా ఇది? కొత్త మిషను ఇట్లెందుకు చేస్తాండాది? నీకు తెలుసునా తెలియదా?" ఆ 'తెలియదా' అన్న మాట నాకు చెంప మీద పడినట్టయింది. "మధ్యాహ్నం పూట ఎవరెవరో చేతులు పెడితే ఇట్లనే అయితాది సావుకారీ" అన్నాను. ఎవరెవరో అన్నానే గానీ, ఆ కొట్టులో మా ఇద్దరు కాక ఉన్నది ఒక్క మనిషే.

సావుకారు బల్ల వైపు తిరిగి, "బాయీ, నువ్వింక గద్దె ఎక్కొద్దు. బల్ల మీదనే కూచుని అక్షరాలు చూడు. రిపేరు ఖర్చులు తట్టుకుంటా ఇద్దరిని పెట్టుకోను నాకు చేతకాదు. ఈ నెల గడిచినాక యాడన్నా చూసుకో" అన్నాడు. బాయి "సరే సావుకారీ" అన్నాడు. చెప్పులేసుకునే ముందు నా దగ్గరికి వచ్చి, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. "నేనేం నొక్కినానో చెప్పప్పా. ఇంకోసారి నొక్కకుండా ఉంటా." "చెప్పినా నీకు అర్థం కాదులే బాయీ" అన్నాను.

ఆయన దిగిపోయినా మిషను బాగుపడలేదు. "ఒకసారి పాడైతే అంతే సావుకారీ" అన్నాను. అబద్ధానికి అంత సులువుగా కొనసాగింపు దొరుకుతుందని నాకు అంతకు ముందు తెలియదు. బాయి అప్పటి నుంచి పూర్తిగా గిరాకీల పక్కన బల్ల మీదే, తెర వైపు తలెత్తకుండా కాగితాల మీద అక్షరాలు చూసుకుంటూ కూర్చునేవాడు. నెల చివరికి తొమ్మిది రోజులుందనగా, కోసిగి పక్క నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వాళ్ళ ఊరి జాతరకు బండలాగుడు పోటీలు పెడుతున్నారట, ఫ్లెక్సు కావాలన్నాడు. ఆయన తెచ్చిన ఫోటోలో పోయినేడు గెలిచిన ఎద్దు ఉంది. ఆయనదే. ఫోటో జేబులోంచి తీయడంలోనే తెలిసింది, ఎద్దు అంటే ఆయనకెంత ప్రాణమో.

మధ్యాహ్నానికి ఫ్లెక్సు తయారైంది. పెద్దాయన అవతలి తెరలో ఎద్దును చూసుకుని మీసం దువ్వుకున్నాడు. నేను ఫైలు దాచబోయాను. టంగ్. మళ్ళీ నొక్కాను. టంగ్. చరిచాను, ఆ రోజు కుడి చెయ్యి సహకరించలేదు.

"ఏమప్పా," అన్నాడు పెద్దాయన, "నా ఎద్దు మొగం మీద ఈ డబ్బా ఏంది?"

"అది ప్రింటులో రాదు పెద్దాయనా."

"రాదంటే? నువ్వు చూడకుండానే చెప్తాండావే. దుడ్లిచ్చేది నేను. మొగం కనపడకుంటే అది నా ఎద్దని ఊళ్ళో ఎవరు నమ్ముతారు?"

పక్కన బాయి ముందుకు వంగడం కనిపించింది. ఇంగ్లీషు చదవలేడు గానీ, బోర్డులు రాసిన మనిషి కదా, ప్రతి అక్షరం ఆకారమూ ఎరుగుదును అనేవాడు. "డబ్బా కింద రెండు గుండీలుండాయప్పా. ఒకదాంట్లో ఓ, కే. పైన మాటల చివర్లో ప్రశ్నకు పెట్టే కొంకి గుర్తు ఉండాది. అది ఆగిపోలే. నిన్ను ఏదో అడుగుతాండాది."

లేచాను. "బేరం తెగలే, కూచో అప్పా" అన్నాడు సావుకారు. మొట్టమొదటిసారి ఆయన మాట వినకుండా గద్దె దిగి, బల్ల వైపు వచ్చి నిలబడ్డాను. ఆ రెండో తెర పెట్టినప్పటి నుంచి నేను దాన్ని అటు వైపు నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. ఎద్దు రెండు కొమ్ముల మధ్య, మూతి దాకా కప్పేసి, నేను వెతికిన ప్రశ్న నింపాదిగా కూర్చుని ఉంది. నేనే లాక్కొచ్చి వదిలిన చోట. వదిలిన చోటును ఆ సాఫ్ట్‌వేరు బుద్ధిగా గుర్తుపెట్టుకుని, రోజూ అక్కడికే వచ్చి, జాకెట్టు గుడ్డ కింద చీకట్లో కూడా నన్నే అడుగుతూ ఉంది.

మళ్ళీ గద్దె ఎక్కి కూర్చున్నాను. ఎంటర్ నొక్కితే సరిపోయేది గానీ, ఆ గాభరాలో అది తోచలేదు. మౌసు గుర్తు అవతలి తెరలోకి పోయాక నాకు కనపడదు. బాయే చెప్పాడు. "కుడి పక్కకు పో. ఇంకా. కొమ్ము దాటినావు, వెనక్కి రా. కిందికి. మెల్లగప్పా, కన్ను పొడుస్తావు." పెద్దాయన కూడా అందుకున్నాడు. "మూతి దగ్గర నిలుపు, ఆ, నిలుపు నిలుపు." ఇద్దరూ కలిసి నన్ను కాడి కట్టిన ఎద్దును తోలినట్టు తోలి గుండీ మీదికి చేర్చారు. నొక్కాను. ఎద్దు మొహం బయటపడింది. పెద్దాయన "అదీ" అన్నాడు, తన ఎద్దుతోనే అన్నట్టు.

"బాగయ్యెనా? ఏమాయె దానికి?" అన్నాడు సావుకారు. ఆ క్షణంలో చెప్పాల్సిన మాట ఒకటే ఉంది. నేను మాత్రం "సాఫ్ట్‌వేర్లకు అప్పుడప్పుడు అట్లయితాది సావుకారీ" అన్నాను. బాయి నా వైపు చూసి, మళ్ళీ ఎద్దు వైపు చూశాడు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర, ఆ కాగితాలు ఒకసారి ఇస్తావా బాయీ అని అడిగాను. ఆయన చొక్కా జేబులోంచి శుభలేఖల కట్ట తీసి ఇచ్చాడు. మొదటి శుభలేఖ వెనక, లారీల మీద రాసే ఆ గుండ్రటి అక్షరాలతో, మొదటి వాక్యం ఇది: 'నెత్తి పట్టి లాగితే డబ్బా ఆ టీవీలోకి పోతాది. అప్ప ఆడనే ఇడిసిపెట్టినాడు. మళ్ళా ఈడికి తేలేదు.'

"మొదటి దినమే రాసినా. రాసి నేనే మర్చిపోయినా" అన్నాడు ఆయన, తప్పు తనదైనట్టు.

టీ సగంలో వదిలి కొట్టుకు పోయి, సావుకారుతో అంతా చెప్పాను. ఎవరు లాగారో, ఎవరి మీద వేశారో. ఆయన నా మొహం చూసి, "గద్దె మీద నుంచి లేవొద్దంటి గానీ, కండ్లు మూసుకోమంటినా అప్పా?" అన్నాడు. తర్వాత తనే లేచి, కొట్టు బయటికి పోయి, టీ కొట్టు దాకా నడిచి బాయిని పిలుచుకొచ్చాడు. గద్దె ఎక్కమంటే బాయి ఒప్పుకోలేదు. "ఈ బల్లే బాగుండాది సావుకారీ, ఈడ నుంచి అన్నీ కనపడతాండాయి" అన్నాడు. నేను అక్కడున్న మూడేళ్ళూ ఆయన ఆ బల్ల మీద నుంచే అక్షరాలు జరిపించాడు. మధ్యాహ్నం మాత్రం గద్దె ఎక్కేవాడు, నేను పక్కన కూర్చుని నేర్పేవాణ్ణి. ఆ జాకెట్టు గుడ్డ మళ్ళీ కప్పలేదు.

ఇప్పుడు నా టేబుల్ మీద ఒకటే తెర. అయినా ఏదైనా మొండికేస్తే ముందు లేచి, ఎదుటి కుర్చీలో కాసేపు కూర్చుంటాను. అక్కడ చూడ్డానికి ఏమీ లేదని నాకూ తెలుసు, మా ఆవిడకూ తెలుసు. అక్కడ కూర్చున్నప్పుడు గద్దె మీద నిటారుగా కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ళవాడు ఎదురుగా కనపడతాడు. చెంప వాయించాలనిపించదు. ఒక్కసారి లేచి ఈ పక్కకు రా అప్పా, అని పిలవాలనిపిస్తుంది. పిలిచినా వాడు తెర మీద నుంచి కళ్ళు తీయడు. అది ప్రింటులో రాదు, అంటాడు.